క్షేత్ర సర్వే యాప్‌లలో పటంపై బటన్ల అమరిక

వరిలో అగ్గితెగులు సోకిన పొలానికి బదులు పొరుగు పొలం యాప్‌లో నమోదైతే, సిఫారసు చేసిన మందు అవసరం లేని పైరుకు చేరుతుంది. తెగులు సోకిన పైరు నష్టపోతుంది. ఇటువంటి పొరపాటుకు పటంపై బటన్ల అమరిక కూడా కారణం కావచ్చు.

పొలం గుర్తును తాకగానే తెరుచుకునే సమాచార పెట్టెలోనే ‘నమోదు’, ‘ఫొటో’ బటన్లను ఉంచడం సహజంగా తోచే పద్ధతి. అయితే ఆండ్రాయిడ్ ఫోన్లలోని గూగుల్ మ్యాప్స్‌లో ఈ పెట్టెను ఒక చిత్రంగా మార్చి పటంపై చూపుతారు. అందువలన అందులో ఏ బటన్‌ను తాకినా, పెట్టె మొత్తాన్ని తాకినట్లే యాప్ గ్రహిస్తుంది.

కావున బటన్లను పటం నుండి వేరుచేసి, తెర దిగువన పట్టీలో అమర్చాలి. ఒక్కొక్కటి కనీసం 48 డీపీ, అనగా సుమారు 9 మిల్లీమీటర్ల పరిమాణంలో ఉండాలి. గుర్తును తాకినప్పుడు ఆ కమతానికి కేటాయించిన ప్రత్యేక సంఖ్యను యాప్ గ్రహించి, నమోదును ఆ సంఖ్యకే జతచేయాలి. ఆరుబయట సైతం ఫోన్ జీపీఎస్‌లో సుమారు 5 మీటర్ల తేడా ఉండవచ్చు. చిన్న కమతాలలో స్థానం ఒక్కటే ఆధారం కాజాలదు. భద్రపరచే ముందు రైతు పేరు, సర్వే నంబరు, పైరు తెరపై చూపి నిర్ధారణ కోరడం తప్పనిసరి.