మధురవాడ చుట్టుపక్కల ల్యాండ్‌స్కేపింగ్ కాంట్రాక్టు: కాగితాలు, ఖర్చులు, మార్కెట్టు

ఆనందపురం, పద్మనాభం, భీమిలి మండలాల్లో పూలు, నర్సరీ మొక్కలు పెంచే రైతు కుటుంబాల నుంచి ఈమధ్య తరచుగా ఒక ప్రశ్న వస్తోంది. మధురవాడ, కొమ్మాది, ఎండాడ, ఋషికొండ వైపు అపార్ట్‌మెంట్లు, విల్లాలు, ఐటీ ఆఫీసులు పెరిగాయి, అక్కడ తోటలు వేసే కాంట్రాక్టు చేయాలంటే ఏ లైసెన్సు కావాలి అని.

ఆ పేరుతో ప్రత్యేకమైన లైసెన్సు ఏదీ లేదు. పనిని బట్టి నాలుగైదు రకాల కాగితాలు కావాలి. అయితే ఈ పనిలో కొత్తవాళ్లు దెబ్బతినేది కాగితాల దగ్గర కాదు, కొటేషన్ దగ్గర. మొక్క నాటే ఖర్చు వేసి, దాన్ని ఏడాదిపాటు బతికించే ఖర్చు వదిలేస్తున్నారు. అందుకే కాగితాల సంగతి త్వరగా ముగించి ఖర్చుల దగ్గరకు వెళ్దాం.

సొంత భూమిలో నర్సరీ పెట్టి మొక్కలు అమ్మేవారు 2010 నాటి రాష్ట్ర ఉద్యాన నర్సరీల చట్టం కింద ఉద్యానశాఖలో రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. జీవీఎంసీ పరిధిలో దుకాణమో ఆఫీసో తెరిస్తే ట్రేడ్ లైసెన్సు కావాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం. దానికి డబ్బు అడిగే మధ్యవర్తులను నమ్మవద్దు. జీవీఎంసీ, వీఎంఆర్‌డీఏ పార్కుల పనులకు ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో నమోదు, డిజిటల్ సంతకం, ధరావతు, గతంలో చేసిన పనుల ధ్రువపత్రాలు అడుగుతారు. 10 మంది లేదా అంతకంటే ఎక్కువ పనివారు ఉంటే ఈఎస్ఐ, 20 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉంటే పీఎఫ్ వర్తిస్తాయి. ఐటీ కంపెనీలు చిన్న పనికి కూడా ఈ రెండు కోడ్‌లు అడగడం మామూలే.

పన్నుల విషయంలో రైతులు ఒక తేడా గమనించాలి. సొంత నర్సరీలో పెంచిన మొక్కలపై వచ్చే ఆదాయాన్ని ఆదాయపు పన్ను చట్టం వ్యవసాయ ఆదాయంగానే చూస్తుంది. మొక్కల అమ్మకంపై జీఎస్టీ కూడా లేదు. కానీ కడియం నుంచి కొని తెచ్చి అమ్మితే అది వ్యాపారం. తోట వేసి ఇచ్చే కాంట్రాక్టు సేవ కిందకు వస్తుంది, దానిపై జీఎస్టీ 18 శాతం. సేవలకు టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు. పన్ను లేని మొక్కల అమ్మకం కూడా ఆ 20 లక్షల లెక్కలో కలుస్తుందని చాలామందికి తెలియదు. 50 లక్షల లోపు టర్నోవర్ ఉన్న సేవాదారులకు 6 శాతం కాంపోజిషన్ పద్ధతి ఉంది, కానీ ఆ పన్నును బిల్లులో వేసి వసూలు చేయకూడదు. నర్సరీకి, కాంట్రాక్టుకు బిల్లు పుస్తకాలు, బ్యాంకు ఖాతాలు వేరుగా పెట్టుకోండి. రెండూ కలిపేస్తే రేపు ఏది వ్యవసాయ ఆదాయమో మీరే చూపించలేరు.

ఇక ఖర్చులు. 1,000 చదరపు అడుగుల్లో పచ్చిక వేయడానికి అర అడుగు మట్టి పరచాలంటే 500 ఘనపుటడుగులు, అంటే 5 యూనిట్లు కావాలి. తడిపాక మట్టి కూర్చుంటుంది కాబట్టి 6 యూనిట్లకు లెక్క వేయండి. ఆ మట్టి ఎక్కడిదో బిల్లు ఉండాలి. ప్రభుత్వ పనుల్లో పర్మిట్టు చూపకపోతే సీనరేజి మొత్తాన్ని మీ బిల్లులోనే కోసేస్తారు. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల వైపు మాత్రం చూడవద్దు, అది జాతీయ భూవారసత్వ స్థలం.

అసలు ఖర్చు నీరు. మన ఎండల్లో పచ్చికకు చదరపు మీటరుకు రోజుకు సుమారు 5 లీటర్లు కావాలి. 1,000 చదరపు అడుగులంటే 93 చదరపు మీటర్లు, అంటే రోజుకు 465 లీటర్లు. అదే 10,000 చదరపు అడుగుల క్లబ్ హౌస్ లాన్ అయితే 5,000 లీటర్ల ట్యాంకరు దాదాపు రోజుకొకటి. మధురవాడ కొండవాలు కింద రాతి పొరే కాబట్టి వేసవిలో బోరును నమ్ముకోవడం కష్టం. ఏప్రిల్, మే నెలల్లో నీటి ఖర్చు ఎవరిదో ఒప్పందంలో రాయకుండా సంతకం పెడితే లాభమంతా ట్యాంకర్లకే పోతుంది. ఎస్టీపీ ఉన్న సముదాయాల్లో శుద్ధి చేసిన నీటికి లైను ఇవ్వమని ముందే అడగండి. అది కుదరనిచోట లాన్ విస్తీర్ణం తగ్గించి పొదలు, నేలపై పాకే మొక్కలు పెంచమని యజమానికి చెప్పడం ఇద్దరికీ మంచిది.

కొటేషన్‌లో మొక్కల విలువపై కనీసం 10 శాతం చావుల కింద వేసుకోండి. కడియం మొక్క గోదావరి మట్టి ముద్దతో వస్తుంది. దాన్ని లారీ దింపి నేరుగా మన గరప నేలలో నాటితే చుట్టూ ఉన్న నేల త్వరగా ఆరిపోయి ముద్ద గట్టిపడుతుంది, వేరు బయటకు రాదు. రెండు మూడు వారాలు మీ పొలంలో పలచని నీడలో ఉంచి, నీరు క్రమంగా తగ్గించి, తర్వాత నాటితే నష్టం బాగా తగ్గుతుంది. నగరంలోని కాంట్రాక్టరుకు ఆ స్థలం ఉండదు, మీకు ఉంది. ఈ వ్యాపారంలో రైతుకున్న అసలు బలం అదేనని నా అభిప్రాయం.

ఏ మొక్క నాటాలన్నది కూడా డబ్బు లెక్కే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖలో చెట్లను ఎలా పడగొట్టిందో చూశాం. వేరు లోతుకు దిగని తురాయి వంటివి గోడల పక్కన, కార్లు నిలిపే చోట వద్దు. వేప, కానుగ, పొగడ, నేరేడు నిదానంగా పెరిగినా గాలికి నిలుస్తాయి. ఏడాకుల పాయ చలికాలం ముందు పూసినప్పుడు ఘాటు వాసనపై నగరవాసుల ఫిర్యాదులు ఏటా ఉన్నవే. కోనోకార్పస్ త్వరగా పచ్చగా కనిపిస్తుందని బిల్డర్లు అడుగుతారు. తెలంగాణ, గుజరాత్ దాన్ని ఇప్పటికే వద్దన్నాయి. రేపు తీయించవలసి వస్తే ఆ ఖర్చు గురించి మిమ్మల్నే అడుగుతారు. ఉన్న చెట్టు కొట్టాలంటే వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోండి. యజమాని చెప్పాడన్నది సరిపోదు.

దారుల్లో కలుపుకు గ్లైఫోసేట్ కొట్టడం చాలామందికి అలవాటు. 2022 అక్టోబరు నుంచి కేంద్రం దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు మాత్రమే వాడాలని పరిమితం చేసింది. పిల్లలు ఆడే చోట కూలీలతో కలుపు తీయించి, ఆ కూలిని కొటేషన్‌లో వేసుకోవడమే మేలు.

మార్కెట్టు విషయానికొస్తే, కొత్త తోట వేసే పనికి పోటీ ఎక్కువ, ధర కోత ఎక్కువ. బిల్డరు ఫ్లాట్ల అప్పగింతకు ముందు హడావుడిగా పిలుస్తాడు, చివరి బిల్లు మాత్రం నెలలు నానుతుంది. నెలవారీ నిర్వహణ చూడటానికి చిన్న మొత్తమే అయినా క్రమంగా వస్తుంది. ముందు రెండు మూడు అపార్ట్‌మెంట్ సంఘాల నిర్వహణ తీసుకుని, ఆ అనుభవ పత్రాలతో పెద్ద పనికి వెళ్లడం క్షేమం. కొత్త పనిలో మట్టికి, మొక్కలకు సరిపడా అడ్వాన్సు లేకుండా లారీ కదిలించవద్దు.

ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఒప్పందంలో ఆ గడువు రాయించి, బిల్లుపై ఉద్యమ్ నంబరు వేయండి. కంపెనీలు వ్యక్తిగత కాంట్రాక్టరు బిల్లులో 1 శాతం టీడీఎస్ కోస్తాయి. పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోస్తారు. కోసింది పోయినట్టు కాదు, రిటర్ను వేస్తే సర్దుబాటు అవుతుంది.

నాటే పనులు జూన్ చివరి వానల నుంచి సెప్టెంబరు లోపు ముగిసేలా ఒప్పుకోండి. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు కాబట్టి పెద్ద మొక్కలకు మూడు వైపులా ఊతకర్రలు, ప్రకృతి వైపరీత్యంలో పోయిన మొక్కలకు గ్యారంటీ వర్తించదన్న వాక్యం రెండూ ఉండాలి. నర్సరీ నమోదుకు పట్టాదారు పాసు పుస్తకం, ఆధార్, నీటి వసతి వివరాలతో ముందుగా మీ రైతు సేవా కేంద్రంలోగాని, మండల ఉద్యాన అధికారినిగాని కలవండి.