పిలక అడవిలో పెరుగుదల, జీవద్రవ్యరాశి కొలత

నరికిన చెట్టు మోడు నుంచి వచ్చిన పిలకలు పెరిగి ఏర్పడిన అడవిని పిలక అడవి అంటారు. అటవీశాస్త్రంలో దీనికి కాపిస్ అడవి అని పేరు. విత్తనం నుంచి మొలిచిన చెట్ల అడవికీ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా నేల కింద ఉంటుంది. పైన కనిపించే కాండం వయసు ఐదారేళ్ళే అయినా, దానిని పోషించే వేరు వయసు కొన్ని దశాబ్దాలు కావచ్చు. చెరకులో మొక్క తోటకు, పిలక తోటకు ఉన్న భేదం వంటిదే ఇది. ఈ కారణం చేత పిలక అడవి పెరుగుదలను, జీవద్రవ్యరాశిని కొలిచేటప్పుడు మామూలు అడవి లెక్కలను యథాతథంగా వాడితే ఫలితం తప్పుతుంది. జీవద్రవ్యరాశి, అనగా బయోమాస్, అంటే చెట్టులోని కాండం, కొమ్మలు, ఆకులు, వేళ్ళ మొత్తం పొడి బరువు.

పల్నాటి అడవులు

పల్నాడు జిల్లాలోని కారంపూడికి నైరుతి, దక్షిణ దిక్కులలో, వెల్దుర్తి, బొల్లాపల్లి మండలాల వైపు నల్లమల కొండల తూర్పు అంచు అడవులు ఉన్నాయి. ఛాంపియన్, సేఠ్ 1968లో ప్రచురించిన వర్గీకరణ ప్రకారం నల్లమల అడవులలో అధిక భాగం దక్షిణ ఉష్ణమండలపు పొడి ఆకురాల్చు అడవుల తరగతికి చెందుతుంది. చిరుమాను, నల్లమద్ది, బిల్లుడు, సండ్ర, తునికి మొదలైనవి ఇక్కడి ముఖ్య వృక్షాలు. ఊళ్ళకు దగ్గరగా ఉన్న చోట్ల వంటచెరకు నరకడం, పశువుల మేత, వేసవిలో నిప్పు కారణంగా ఇటువంటి అడవి క్రమంగా పొదల అడవిగా మారుతుంది. దూరం నుంచి చూస్తే చిట్టడవిలా కనిపించినా, చాలా పొదల మొదట్లో పాత మోడు ఉంటుంది. తునికి విషయంలో పిలకలను మనుషులే కోరి తెప్పిస్తారు. బీడీ ఆకు లేతగా రావడానికి ఆకు సేకరణకు ముందు పొదలను కొట్టివేస్తారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. అటువంటి క్షీణించిన అడవులలో ఎత్తుగా మిగిలిన మోళ్ళను నేలమట్టానికి నరకడం, మోడుకు ఒకటి రెండు బలమైన పిలకలను మాత్రమే ఉంచి తక్కినవి తీసివేయడం సమితుల పనులలో భాగం. ఈ పని వల్ల అడవి నిజంగా కోలుకుంటున్నదా అనే ప్రశ్నకు జవాబు కొలత ద్వారానే తెలుస్తుంది.

చుట్టుకొలత తీయడం

భారతదేశంలో చెట్టు చుట్టుకొలతను నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, ఛాతీ ఎత్తున, టేపుతో తీస్తారు. చాలా దేశాలలో ఈ ఎత్తు 1.3 మీటర్లు. దానిని 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. పిలక చెట్టులో ఆ ఎత్తుకు ముందే పలు కాండాలు ఉంటాయి కనుక ప్రతి కాండాన్నీ విడిగా కొలిచి, ఏ కాండం ఏ మోడుకు చెందినదో కూడా నమోదు చేయాలి. ఛాతీ ఎత్తుకు చేరని పిలకలకు మొదలు దగ్గర వ్యాసాన్ని, ఎత్తును తీసుకుంటారు.

కాండాల చుట్టుకొలతలను నేరుగా కూడడం పరిపాటిగా జరిగే పొరపాటు. ఉదాహరణకు ఒక మోడుకు 12, 15, 20 సెం.మీ. చుట్టుకొలత గల మూడు పిలకలు ఉన్నాయనుకుందాం. కూడితే 47 వస్తుంది. కాని అడ్డుకోత వైశాల్యం చుట్టుకొలత వర్గాన్ని అనుసరిస్తుంది. వర్గాల మొత్తం 769, దాని వర్గమూలం దాదాపు 27.7. అంటే ఈ మూడింటి వైశాల్యం 27.7 సెం.మీ. చుట్టుకొలత గల ఒక్క కాండానికి సమానం. 47 సెం.మీ. కాండంగా లెక్కవేస్తే వైశాల్యం దాదాపు మూడు రెట్లు ఎక్కువ చూపిస్తుంది.

బరువు లెక్కించడం

చెట్టును నరకకుండా బరువు తెలుసుకోవడానికి ముందుగా కొన్ని నమూనా చెట్లను నరికి, కాండం, కొమ్మలు, ఆకులు వేరుచేసి అక్కడే తూస్తారు. ప్రతి భాగం నుంచి కొంత నమూనాను ఓవెన్‌లో బరువు మారనంత వరకు ఆరబెడతారు. చెక్కకు సాధారణంగా 105 డిగ్రీల సెల్సియస్ దాకా, ఆకులకు అంతకంటె తక్కువ వేడి వాడతారు. పచ్చి కట్టెలో సగం వరకు నీరే ఉండవచ్చు. కాగితపు మిల్లుకు జామాయిల్, సుబాబుల్ కట్టె అమ్మే రైతు చెప్పే టన్ను, పరిశోధకుడు చెప్పే పొడి టన్ను ఒకటి కావని గుర్తుంచుకోవాలి.

ఈ బరువులకు, వ్యాసానికి మధ్య సంబంధాన్ని సూత్రంగా రాస్తారు. అందులో వ్యాసానికి ఉండే ఘాతం సాధారణంగా 2 కంటె ఎక్కువ. అది 2.5 అనుకుంటే, పై మూడు పిలకలను 27.7 సెం.మీ. కాండంగా కలిపి లెక్కించినా బరువు 28 శాతం దాకా ఎక్కువ వస్తుంది. కనుక వైశాల్యానికి కలపవచ్చు గాని, బరువుకు విడివిడిగా లెక్కించి చివర కూడడమే సరైనది.

ఉష్ణమండల వృక్షాలకు జెరోమ్ షావ్, సహచరులు 2014లో ప్రచురించిన సూత్రం విస్తృతంగా వాడుకలో ఉంది. చెక్క సాంద్రత, వ్యాసం వర్గం, ఎత్తు, ఈ మూడింటి లబ్ధాన్ని 0.976 ఘాతానికి హెచ్చించి, 0.0673తో గుణిస్తే నేలపై భాగపు బరువు కిలోలలో వస్తుంది. 58 చోట్ల నరికిన 4,004 చెట్లపై ఇది ఆధారపడింది. అయితే ఆ చెట్ల వ్యాసం 5 సెం.మీ. లేక అంతకంటె ఎక్కువ. అంటే చుట్టుకొలత సుమారు 16 సెం.మీ. మన ఉదాహరణలోని మూడింటిలో రెండు పిలకలు ఈ హద్దుకు లోపలే ఉన్నాయి. కాబట్టి పల్నాటి పొదల అడవి వంటి చోట స్థానిక పిలకలను నరికి తయారు చేసుకున్న సూత్రమే మేలు.

వేరు లెక్క

వేళ్ళను తవ్వి తూయడం కష్టం కనుక సాధారణంగా ఒక నిష్పత్తిని వాడతారు. ఐపీసీసీ 2006 మార్గదర్శకాలు ఉష్ణమండల పొడి అడవులలో నేలపై భాగం హెక్టారుకు 20 టన్నుల లోపు ఉంటే వేరు నిష్పత్తి 0.56 అని, అంతకు మించితే 0.28 అని సూచించాయి. నిరుడు నరికిన మోడుకు పైన బరువు దాదాపు లేదు, కింద పాత వేరు అలాగే ఉంది. అక్కడ ఏ స్థిర నిష్పత్తి వాడినా వేరు బరువు చాలా తక్కువగా తేలుతుంది. పైభాగంలోని కర్బనాన్ని మాత్రమే చూసే లెక్కలు కూడా ఈ అడవులను ఉన్నదానికంటె బీదగా చూపిస్తాయి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. వేరులో నిలవ ఉన్న పిండిపదార్థం వల్ల మొదటి కొన్నేళ్ళు పిలక విత్తనపు మొక్క కంటె చాలా వేగంగా పెరుగుతుంది. ఆ వేగాన్ని చూసి రాబోయే ఇరవై ఏళ్ళ దిగుబడిని అంచనా వేస్తే ఆశాభంగం తప్పదు.

దీర్ఘకాల పరిశీలన

మధ్యధరా ప్రాంతపు సతతహరిత ఓక్ అడవులు పిలక అడవులకు ప్రసిద్ధ ఉదాహరణ. బొగ్గు కోసం వీటిని శతాబ్దాల పాటు నరికేవారు. దక్షిణ ఫ్రాన్స్‌లో మోంపెలియే నగరానికి సమీపంలోని ప్యూషాబాన్ అడవిని చివరిసారి 1942లో పూర్తిగా నరికారు. తరువాత అది పరిశోధనా క్షేత్రమైంది. అక్కడ పెరుగుదలను శాసించేది ప్రధానంగా వేసవి నీటి ఎద్దడి. పల్నాడులోనూ నీరే హద్దు, కాని ఇక్కడి వర్షం వేసవి తరువాత వస్తుంది, చాలా చెట్లు ఎండాకాలంలో ఆకు రాలుస్తాయి. ఎండిన కాలంలో కాండం కొద్దిగా కుదించుకుపోతుంది కూడా. అందువల్ల ఏటా ఒకే నెలలో, రంగుతో గుర్తు పెట్టిన అదే చోట చుట్టుకొలత తీయాలి. టేకుకు వార్షిక వలయాలు స్పష్టంగా ఉంటాయి గాని పొడి అడవుల చాలా వృక్షాలలో అవి నమ్మదగినవి కావు. కాండానికి శాశ్వతంగా బిగించే స్ప్రింగు పట్టీలు మిల్లీమీటరులోపు మార్పును కూడా చూపుతాయి.

కొలత పుస్తకంలో తరచు విస్మరించేది చచ్చిన మోళ్ళ సంఖ్య. మాటిమాటికి నరికితే వేరులోని నిలవ తరిగి, కొన్ని మోళ్ళు పిలక వేయడం మానేస్తాయి. బతికిన మోళ్ళ పిలకలను మాత్రమే కొలుస్తూ పోతే సగటు పెరుగుదల బాగానే కనిపిస్తుంది, హెక్టారుకు చెట్ల సంఖ్య మాత్రం తగ్గుతూ ఉంటుంది. అందుకే మొదటి కొలతలోనే ప్రతి మోడుకు సంఖ్య ఇచ్చి, పిలక లేని మోడును కూడా సున్నాగా నమోదు చేస్తారు.