ఎండకంటే ముందు లేచే కురిచేడు

ఏప్రిల్ వచ్చిందంటే కురిచేడులో పదకొండు దాటాక రోడ్డు మీద నడిచే మనిషిని చూసి జనం జాలిపడతారు. అంగళ్ల ముందు పరదాలు దిగుతాయి. రైలు దిగినవాళ్లు దగ్గర్లో ఉన్న చెట్టు నీడదాకా గబగబా నడిచి, అక్కడ నిలబడి ఆటో కోసం చూస్తారు. ఇదే ఊరిని పొద్దున ఐదింటికి చూస్తే వేరే ఊరనుకోవాలి. కూలీల ఆటోలు అప్పటికే కదిలిపోయుంటాయి. టీ అంగడి పొయ్యి మండుతుంటుంది. పాల క్యాన్లవాళ్లు ఒకవైపు, చేలకు పోయేవాళ్లు మరోవైపు, వాళ్ల మధ్య షుగరు తగ్గించుకోమని డాక్టరు చెప్పి పంపించిన నడకవాళ్లు.

గుంటూరు–నంద్యాల రైలు మార్గంలో వినుకొండ దాటి, గుండ్లకమ్మ దాటితే కురిచేడు వస్తుంది. ఆ తర్వాత దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు. అక్కణ్ణుంచి నల్లమల కొండల్లోకి రైలు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో సదరన్ మరాఠా రైల్వే వేసిన మీటర్ గేజి ఇది. 1990ల్లో బ్రాడ్‌గేజి అయింది. దర్శి నియోజకవర్గంలోని కురిచేడు మండలానికి ఒక పక్క నాగార్జునసాగర్ కుడి కాలువ నీళ్లున్నాయి, మరో పక్క వానకోసం చూసే మెట్ట ఉంది. పశ్చిమ ప్రకాశం అనగానే గుర్తొచ్చే కరువు కథ ఇక్కడ సగమే నిజం. ఎండ కథ మాత్రం పూర్తిగా నిజం.

చలిదేశాల్లో కాలం మారినా బయట తిరగడం మానకూడదని ఒక పట్టుదల ఉంటుంది. వాతావరణం చెడ్డదంటూ ఏదీ లేదు, వేసుకున్న బట్టలే చెడ్డవి అని నార్వేవాళ్లు సామెతగా చెబుతారు. మంచులోనూ పిల్లల్ని బయట ఆడిస్తారు. మంచిదే. కానీ ఆ సామెత కురిచేడు పొలిమేర దాటి లోపలికి రాలేదు. చలికి ఒకదానిమీద ఒకటి తొడుక్కుంటూ పోవచ్చు. ఎండకు ఒక్కొక్కటీ విప్పుకుంటూ పోతే చర్మం దగ్గర ఆగిపోవాల్సిందే. మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకన్నా వేడెక్కితే ఒంట్లోని వేడి బయటికి పోవడం అటుంచి, బయటి వేడే ఒంట్లోకి వస్తుంది. అప్పుడు చెమట ఆరడం ఒక్కటే దారి. ఎండలో కష్టం చేసే మనిషి గంటకు లీటరు పైనే చెమట కార్చగలడు. అంత నీరు మళ్లీ లోపలికి పోకపోతే ఏ గుడ్డ కట్టుకున్నా ఒకటే.

అందుకే ఇక్కడివాళ్లు బట్టలకన్నా ముందు గడియారం మార్చుకుంటారు. మార్చి నుంచి చేను పని తెల్లారక ముందుకు జరుగుతుంది. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు కాబట్టి ఆ పక్షం రోజులూ పెద్ద పని పెట్టుకోరు. మృగశిర చినుకు పడితే గడియారం మళ్లీ వెనక్కి జరుగుతుంది. ఇదంతా ఎవరో చెబితే నేర్చుకున్నది కాదు, ఎండ నేర్పింది. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో వడగాడ్పులకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎక్కువ మరణాలు నమోదైన జిల్లాల్లో ప్రకాశం ఒకటి.

ఒంటికీ ఒక అలవాటు ఉంది. రోజూ కొంతసేపు ఎండలో పని చేస్తే వారం నుంచి రెండు వారాల్లో శరీరం సర్దుకుంటుంది. రక్తంలో నీటి పాలు పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, చెమటలో ఉప్పు తగ్గుతుంది. పని మానేస్తే కొన్ని వారాల్లోనే ఆ సర్దుబాటు పోతుంది. ఎండకు పని స్థలాల్లో చనిపోయేవాళ్లలో సగానికి పైగా పనిలో చేరిన మొదటి కొద్ది రోజుల్లోనే పోతున్నారని అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా చెబుతుంది. హైదరాబాదులో ఏసీ గదిలో ఏడాదంతా కూర్చుని, మే నెలలో పెళ్లికి ఊరొచ్చి, మిట్టమధ్యాహ్నం షామియానా గుంజలు పాతడానికి ముందుకొచ్చే మేనల్లుళ్లు ఈ మాట చెవిన వేసుకోవాలి. డెబ్బై ఏళ్ల పెదనాయన ఆ ఎండలో తిరుగుతున్నాడు కదా అని పోల్చుకోకూడదు. ఆయన ఒళ్లు ఫిబ్రవరి నుంచే తయారవుతూ వచ్చింది.

ఇక్కడ ఆరుబయట అందరికన్నా ఎక్కువసేపు గడిపేవాళ్లు మిరపకోత కూలీలు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. కోతలు చలి ఉండగానే మొదలై ఎండలు ముదిరేదాకా సాగుతాయి కాబట్టి ఒకే చేనులో రెండు కాలాలూ చూస్తారు. మొదటి కోతకు మంచు తడి ఆరేదాకా ఆగాలి, చివరి కోతకు ఎండ రాకముందే ముగించాలి. చీర మీద మగవాళ్ల పాత ఫుల్‌చేతుల చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టి, దాని కొసతో ముక్కూ నోరూ కప్పుకుంటారు. ఆ చొక్కా ఎండనూ ఆపుతుంది, మిరప కొమ్మలు గీరుకోకుండానూ కాపాడుతుంది. చేతుల మంటకు మాత్రం చొక్కా పనికిరాదు. మిరపలోని కారం నీళ్లలో కరిగేది కాదు, నూనెలో కరుగుతుంది. అందుకే సాయంత్రం కడవల కొద్దీ నీళ్లు పోసి కడిగినా మంట తగ్గదు. నూనె రాసి, తుడిచి, ఆ తర్వాతే సబ్బు. ఆ చేతులతోనే రాత్రికి అన్నం కలపాలి, పసిపిల్లను ఎత్తుకోవాలి. ఉదయం నుంచి నడుం వంచి సాళ్ల మధ్యే కదులుతుంటారు. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఈ లెక్క మిరపచేలో మొదటిరోజే దాటిపోతుంది. ఇక్కడ కొరత శ్రమది కాదు, దాని మధ్య దొరికే నీడది.

నీడ సంగతి గొర్రెలకు బాగా తెలుసు. ప్రకాశం జిల్లా నెల్లూరు జాతి గొర్రెలకు సొంత గడ్డ. మధ్యాహ్నం మంద ఆగిన చోట చెట్టు లేకపోతే గొర్రెలన్నీ గుంపుగా చేరి, ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి నిలబడతాయి. దూరంనుంచి చూస్తే తలల్లేని మంద. కాపరి మాత్రం గొడుగో, తడి తువ్వాలో పట్టుకుని నిలబడాల్సిందే. చేలు ఖాళీ అయ్యాక ఎరువు కోసం రైతులు రాత్రిళ్లు పొలంలో మంద కట్టించుకుంటారు. కాపరి పడక కూడా అక్కడే. ఆరుబయట నడవమని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎప్పుడైనా కూర్చోమని చెప్పేవాళ్లు కావాలి.

వానాకాలం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నల్లరేగడి తడిస్తే చెప్పులకు అడుగున మరో చెప్పు కట్టినట్టు మట్టి అంటుకుంటుంది, అడుగు లేవదు. కాబట్టి నడకవాళ్లు తారు రోడ్డుకో, రైల్వే ప్లాట్‌ఫాం మీదికో మారతారు. ప్లాట్‌ఫాం టికెట్టు కొని నడిచే మనిషి కనిపిస్తే నాకూ చూపించండి. చీకట్లో చేనికి పోయేవాళ్లు టార్చి, చేతికర్ర లేకుండా కదలరు; రక్తపింజరలు తిరిగే రోజులవి.

అసలు హుషారు చలికాలానిది. ఇక్కడి చలికి స్వెట్టరు చాలు, అయినా ముసలివాళ్లు మంకీక్యాపు దించరు. ధనుర్మాసంలో పొద్దున్నే కళ్లాపి, ముగ్గులు. సంక్రాంతికి కబడ్డీ, వాలీబాల్. ఇవన్నీ ఒక ఎత్తు, ఎడ్ల బండలాగుడు ఒక ఎత్తు. పాలపళ్ల నుంచి సీనియర్ దాకా విభాగాలుంటాయి. నిర్ణీత సమయంలో బండను ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. పోటీకి దిగే ఒంగోలు జత వెనక నెలల తరబడి తర్ఫీదు ఉంటుంది. తెల్లవారుజామున దున్నిన చేలో బరువు కట్టి లాగిస్తారు, తర్వాత నడిపిస్తారు, చల్లబడ్డాకే నీళ్లు పెడతారు. ఎద్దుకు ఎంత దూరం నడక అవసరమో తెలిసిన యజమాని తన నడక సంగతి ఎత్తితే నవ్వేస్తాడు. ఎద్దు పక్కన తానూ నడిచాడు కదా, ఇంకేం కావాలి!

శివరాత్రికి ఇంకో నడక. శ్రీశైలానికి తూర్పు ద్వారం త్రిపురాంతకం ఇక్కడికి దగ్గరే. కాలినడక భక్తులు ఆ దారిన ఎర్రగొండపాలెం, దోర్నాల మీదుగా కొండెక్కుతారు. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా ఉన్న ఆ చల్లటి రోజులే ఈ ప్రాంతంలో ఏ గంటకైనా నడవగలిగిన రోజులు. ఏడాదిలో అవి చాలా తక్కువ.

కాలంతో సంబంధం లేకుండా కాళ్లు కట్టేసేది మరొకటి ఉంది, నీళ్లలోని ఫ్లోరైడ్. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దర్శి, పొదిలి, కనిగిరి, మార్కాపురం వైపు అంతకుమించి ఉన్న బోర్లు ఎన్నో. ఊళ్లలో ఒక చిన్న పరీక్ష చేయిస్తారు: గడ్డం ఛాతీకి ఆనించు, వంగి కాలివేళ్లు ముట్టుకో, రెండు చేతులూ మెడ వెనక పెట్టు. ఎముకల్లో ఫ్లోరైడ్ పేరుకున్నవాళ్లకు ఈ మూడూ కష్టమే. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎండలో ఎక్కువ కష్టపడేవాడు నీళ్లు ఎక్కువ తాగుతాడు. బోరు నీళ్లే తాగితే ఏసీలో కూర్చున్నవాడికన్నా ఫ్లోరైడూ ఎక్కువే లోపలికి పోతుంది. నీళ్లు బాగా తాగండి అనే సలహా ఏ బోరు నీళ్లో అడక్కుండా ఇవ్వకూడదు. కాలువ నీళ్లు వదిలి మంచినీటి చెరువులు నింపే వార్త కోసం ఇక్కడి జనం ఎదురుచూసేది పంటకోసమే కాదు.

ఇక గడియారం సంగతి. చేను సొంతమైనవాడు ఐదింటికి వెళ్లి పదింటికి వచ్చేయొచ్చు. అంగడివాడు మధ్యాహ్నం షట్టరు సగం దించొచ్చు. కూలికి వెళ్లేవాళ్ల గంట వాళ్ల చేతిలో ఉండదు. ఉపాధి హామీలో 2023 జనవరి నుంచి యాప్‌లో రోజుకు రెండుసార్లు ఫొటో తీసి హాజరు వేయడం తప్పనిసరి అయింది. తెల్లవారుజామునే కొలత పూర్తి చేసిన గుంపు కూడా రెండో ఫొటో కోసం గట్టుమీద కూర్చోవాల్సి వచ్చింది. దొంగ హాజర్లు ఆపాలన్నది సబబే. ఎండకు ఆ సబబు తెలీదు.

బడి పిల్లలదీ అదే కథ. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. పిల్లల్ని ఎండనుంచి కాపాడటానికే అంటారు. బడి వదిలేది పన్నెండున్నరకు. సరిగ్గా పెద్దవాళ్లంతా నీడలోకి పోయే వేళకు పుస్తకాల సంచులు రోడ్డెక్కుతాయి. గంట ముందు మొదలుపెట్టి గంట ముందు వదలొచ్చు కదా అని ఒక టీచరును అడిగాను. "ఆ టైముకు నాకు బస్సు లేదండీ, మధ్యాహ్న భోజనం కూడా అప్పటికి ఉడకదు" అన్నారాయన. మరి బస్సు ముందుకు జరపమని ఎవరైనా అడిగారా అంటే, అడిగారట. ఆ బస్సు బయల్దేరే ఊళ్లో కూడా ఒంటిపూట బడే కాబట్టి, అక్కడి పిల్లలకు ఇప్పుడున్న టైమే కుదురుతుందన్నారట.