దుబాయ్‌లో కొలువు, షార్జాలో ఇల్లు: నిజంగా మిగిలేది ఎంత?

నిజామాబాద్, కరీంనగర్, కడప, హైదరాబాద్ పాతబస్తీ... ఎక్కడి నుంచి దుబాయ్ వెళ్లినా, నాలుగేళ్లు రూమ్‌లో నలుగురితో గడిపాక భార్యాపిల్లల్ని తెచ్చుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. అప్పుడు వచ్చే మొదటి ప్రశ్న: ఇల్లు దుబాయ్‌లో తీసుకోవాలా, షార్జాలోనా?

రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఎక్కడ ఒకటి అయిపోయి రెండోది మొదలైందో కొత్తవాళ్లకు తెలియదు. కానీ రెండూ వేర్వేరు ఎమిరేట్లు. రూల్స్ వేరు, సెలవులు వేరు, అద్దెలు వేరు. దుబాయ్‌లో పనిచేస్తూ షార్జాలో ఉండేవాళ్లు లెక్కలేనంత మంది. కారణం ఒక్కటే, అద్దె తక్కువ.

అసలు లెక్క

ఒక ఉదాహరణ చూద్దాం. నెల జీతం 8,000 దిర్హమ్‌లు, దుబాయ్ ఫ్లాట్ ఏడాదికి 55,000, షార్జాలో అలాంటిదే 35,000 అనుకుందాం. తేడా 20,000. చూడ్డానికి పెద్ద మొత్తమే.

ఇప్పుడు ఖర్చులు తీసేద్దాం. అల్ ఇత్తిహాద్ రోడ్డు మీద కారులో వెళితే అల్ మమ్‌జార్ దగ్గర సాలిక్ టోల్ పడుతుంది. 2025 జనవరి 31 నుంచి రద్దీ వేళల్లో ఒక్కసారికి 6 దిర్హమ్‌లు. రానుపోను 12. నెలకు 22 రోజుల చొప్పున ఏడాదికి 3,168. అదనపు పెట్రోలు, సర్వీసింగ్‌కు 5,000 వేసుకుంటే మిగిలేది 11,832. దుబాయ్‌లో కరెంటు బిల్లుతో పాటు అద్దె మీద 5 శాతం హౌసింగ్ ఫీజు ఉంటుంది, షార్జాలో అద్దె ఒప్పందం ధ్రువీకరణకు మున్సిపాలిటీ ఫీజు ఉంటుంది. ఈ రెండూ సమానమనుకుని పక్కన పెడదాం.

ఇక టైమ్. ట్రాఫిక్ జామ్‌లో రోజుకు అదనంగా రెండు గంటలు పోతే ఏడాదికి 528 గంటలు. అంటే ఆదా గంటకు 22 దిర్హమ్‌లు. అదే మనిషి ఆఫీసులో గంటకు సంపాదించేది సుమారు 38. అంటే తన గంటను సగం ధరకు కాస్త పైన అమ్ముకుంటున్నట్టే. అద్దె తేడా 30,000 అయితే మాత్రం గంటకు 41 దిర్హమ్‌లు పడుతుంది, అప్పుడు షార్జాదే పైచేయి.

కారు లేనివాళ్లు ఇంకోటి చూసుకోవాలి. 2009లో మొదలైన దుబాయ్ మెట్రో షార్జాకు రాదు. బస్సులు ఉన్నాయి, కానీ అవీ అదే జామ్‌లో ఆగుతాయి.

సెలవు కలవదు

2022 జనవరి నుంచి షార్జాలో ప్రభుత్వ ఆఫీసులకు, స్కూళ్లకు శుక్ర, శని, ఆదివారాలు సెలవు. దుబాయ్‌లో ప్రభుత్వ ఆఫీసులకు, స్కూళ్లకు శుక్రవారం సగం రోజు పని. ప్రైవేటు కంపెనీల్లో చాలాచోట్ల ఆరు రోజులూ డ్యూటీ. కాబట్టి షార్జా స్కూల్లో చదివే పిల్లలు జుమ్మా రోజు ఇంట్లో ఉంటే, అబ్బా డ్యూటీలో ఉంటాడు. మిగతా రోజుల్లో ఆయన పొద్దున బయల్దేరేటప్పటికి పిల్లలు లేవరు, రాత్రి వచ్చేసరికి పడుకుంటారు. ఫ్యామిలీని తెచ్చుకున్నది ఎందుకో ఆలోచించాల్సిన విషయమిది.

షార్జా వైపు కూడా బలమైన మాటలున్నాయి. అక్కడ మద్యం నిషేధం. ఫ్యామిలీలు ఎక్కువ. 2024 అద్దె చట్టం ప్రకారం మొదటి మూడేళ్లు ఓనర్ అద్దె పెంచకూడదు. పిల్లల్ని ప్రశాంతమైన చోట పెంచాలనుకునే వాళ్లకు ఇవి చిన్న విషయాలు కావు.

సంతకానికి ముందు

ఫ్యామిలీ వీసాకు జీతం కనీసం 4,000 దిర్హమ్‌లు, లేదా 3,000తో పాటు కంపెనీ ఇల్లు ఉండాలి. ధ్రువీకరించిన అద్దె ఒప్పందం కూడా అడుగుతారు. చవగ్గా వస్తుందని అనుమతి లేని పార్టిషన్ గదుల్లో ఫ్యామిలీని పెట్టొద్దు. 2025 జూన్‌లో దుబాయ్ మున్సిపాలిటీ రిగ్గా, సత్వా లాంటి చోట్ల వాటిపై చర్యలు తీసుకుంది.

ఆఫీసు దేరాలో అయితే షార్జా నుంచి నెట్టుకురావచ్చు. జెబెల్ అలీలో అయితే మళ్లీ లెక్క వేసుకోవాలి. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక సోమవారం పొద్దున ఆ బిల్డింగ్ దగ్గర నుంచి ఆఫీసుకు ఒకసారి వెళ్లి చూడండి. ఏజెంట్ చెప్పిన ఇరవై నిమిషాలు నిజమో కాదో ఆ ఒక్కరోజుతో తెలిసిపోతుంది.