తూకానికి పోతున్న రైతుల లెక్కలు

ఒకప్పుడు సహకార సంఘాల్లో పాత చిట్టాలు అమ్మితే అవి అంగట్లో శనగల పొట్లాలయ్యేవి. పొట్లం విప్పిన వాడికి ఎవరి బాకీ ఎంతో తెలిసిపోయేది. ఇప్పుడు చిట్టాల చోటికి కంప్యూటర్లు వచ్చాయి. 63 వేల ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాల కంప్యూటరీకరణకు కేంద్ర ప్రభుత్వం 2022 జూన్‌లో 2,516 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది.

కంప్యూటరూ కలకాలం ఉండదు. పాతబడితే మూలకు చేరుతుంది. ఆ తర్వాత పాత ఇనుప సామాన్ల వ్యాపారి తూకంలోకి ఎక్కుతుంది. రైతుల పేర్లు, సర్వే నంబర్లు, ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు కూడా దానితోపాటే వెళ్లే ప్రమాదముంది.

చెరిపినా చెరగదు

కంప్యూటర్ పెట్టెలో అరచేతిలో పట్టేంత హార్డ్ డిస్క్ ఉంటుంది. లెక్కలన్నీ అందులోనే ఉంటాయి. మామూలుగా చెరిపితే అవి పోవు. చిట్టాలో పేర్ల పట్టిక చింపినంత మాత్రాన లోపలి పద్దులు మాయం కావు కదా! తెలిసినవాడు వాటిని మళ్లీ బయటకు తీయగలడు.

ఈ పొరపాటు పెద్దవారూ చేశారు. అమెరికాలో మోర్గాన్ స్టాన్లీ అనే ఆర్థిక సంస్థ పాత యంత్రాలను తొలగించే పనిని సామాన్లు తరలించే కంపెనీకి అప్పగించింది. ఆ పనిలో ఆ కంపెనీకి అనుభవం లేదు. ఖాతాదారుల వివరాలు చెరపకుండానే వేలాది పరికరాలు చేతులు మారి వేలంలో అమ్ముడుపోయాయి. 2022 సెప్టెంబరులో ఆ సంస్థ మూడున్నర కోట్ల డాలర్ల జరిమానా కట్టింది.

పొగలో విషం

ప్రమాదం వివరాలతోనే ఆగదు. టీవీలా ఉండే పాత మానిటర్ల గాజులో సీసం ఉంటుంది. రాగి కోసం వైర్లు తగలబెడితే విషపు పొగ వస్తుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. చెరువు గట్టున పారేస్తే మన నేలకూ నీళ్లకూ ముప్పే.

2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదైన సంస్థలే ఈ సామానును శుద్ధి చేయాలి.

ఏం చేయాలి?

ముందుగా అవసరమైన లెక్కలను కొత్త యంత్రంలోకి ఎక్కించుకోవాలి. పాత హార్డ్ డిస్క్ పైనున్న నంబరు రిజిస్టరులో రాయాలి. తర్వాత డిస్క్ మొత్తాన్ని ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌తో తుడిపించాలి. అది పనిచేయని స్థితిలో ఉంటే ఊడదీసి, బాధ్యులైన ఇద్దరి ఎదుట ముక్కలు చేయించాలి. పనికొచ్చే కంప్యూటర్‌ను శుభ్రంగా తుడిపించాక ఊరి బడికి ఇవ్వవచ్చు. పనికిరానిది నమోదైన సంస్థకే అప్పగించి, రసీదు, డిస్క్ ధ్వంసం చేసినట్టు పత్రం తీసుకోవాలి.

ఇదంతా ఆఫీసువారి పని అని రైతులు ఊరుకోరాదు. సంఘం సభ్యులదే. మహాజన సభలో ఎరువుల లెక్క అడిగినట్టే, "పాత కంప్యూటర్లు ఎవరికిచ్చారు? డిస్కులు ఏమయ్యాయి?" అని కూడా అడగాలి. తూకానికి వచ్చే నాలుగు రూపాయల కోసం ఊరందరి ఖాతాలూ పరాయివాడి చేతికి పోతే, ఆ నష్టం పూడ్చే సంఘం ఎక్కడా లేదు.