కాలి గాయమునకు ప్రాణమున్న కప్పు

నంద్యాల జిల్లాలో, బనగానపల్లెకు చేరువనున్న యాగంటి క్షేత్రమును చూచినవారికి అచటి పుష్కరిణి జ్ఞాపకముండును. కొండనుండి వచ్చు ఊటనీరు నంది నోటిగుండా ఆ కోనేటిలో పడుచుండును. ఆ ధార ఆగినచో, గట్టు ఎంత గట్టిదైనను కోనేరు ఎండును. శరీరములోని చర్మమునకు, కండరమునకు గూడ ఇదే న్యాయము వర్తించును. రక్తధార అందినంతవరకే అవి జీవించును. నలిగి చీలిన కాలిని నిలబెట్టు 'ఫ్లాప్' శస్త్రచికిత్సకు ఈ సామాన్యసూత్రమే ఆధారము.

నాపరాతి గనిలో బండ జారిపడినను, నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా పోవు 40వ నంబరు జాతీయ రహదారిపై మోటారుసైకిలు బోల్తాపడినను, తరచుగా దెబ్బతినునది మోకాలి క్రింది భాగము. అచట ముందువైపున వ్రేలితో తడవి చూచినచో, 'అంతర్జంఘిక' అను పెద్ద ఎముక చర్మము క్రిందనే తగులును. వెనుక పిక్కలో దళసరి కండరము లున్నవి. ముందు లోపలివైపున మాత్రము ఎముకకు చర్మమే కప్పు. ఆ చర్మము ఊడినచో ఎముక బయటపడి ఎండిపోవును. సూక్ష్మజీవులు చేరి ఎముక చీము పట్టును. విరిగిన కొనలు అతుకుకొనవు. తుదకు కాలినే తీసివేయవలసిన స్థితి రావచ్చును.

తొడనుండి పలుచని చర్మము తీసి అతికించిన చాలదా? చాలదు. అట్లు తీసిన చర్మమునకు సొంత రక్తనాళములు పనిచేయవు. మొదటి రెండు దినములు అది క్రిందనున్న గాయపు తడిని పీల్చుకొని బ్రతుకును. పిమ్మట గాయమునుండి సూక్ష్మ రక్తనాళములు దానిలోనికి పెరుగవలెను. పైపొర పోయిన వట్టి ఎముక అట్టి నాళముల నీయజాలదు. కె.సి. కాలువ క్రింది రైతు నారు పెరికి వేరొక మడిలో నాటును. ఆ మడిలో తడియున్ననే నారు నిలుచును. చర్మపు అతుకు ఆ నారు వంటిది. ఫ్లాప్ అట్లుగాక, తన పంటకాలువను తనతో తెచ్చుకొను మడి వంటిది. చర్మమునో, కండరమునో దానిని పోషించు ధమని, సిరలతో సహా కదల్చి గాయముపై పరచుటయే దాని రహస్యము.

ఈ ఆలోచన భారతదేశమునకు క్రొత్త కాదు. తెగిన ముక్కును సమీపపు చర్మముతో సరిచేయు విధమును సుశ్రుతసంహిత చెప్పినది. నుదుటి చర్మమును త్రిప్పి ముక్కును నిర్మించిన పూనా వైద్యమునుగూర్చి 1794లో లండన్ పత్రిక యొకటి ప్రకటించినది.

కాలిలో గాయమున్న చోటునుబట్టి ఫ్లాప్ మారును. మోకాలి దాపున గాయమైనచో పిక్కలోని గాస్ట్రాక్నీమియస్ కండరమును త్రిప్పుదురు. దాని రక్తనాళములు మోకాలి వద్దనే ప్రవేశించును గనుక, క్రింది కొనను విడదీసినను కండరము చావదు. నడిమి భాగమునకు దాని అడుగుననున్న సోలియస్ కండరము పనికివచ్చును. చీలమండ వైపున కండరములు సన్నబడి స్నాయువులగును. అందుచే అచటి గాయము కష్టతరము. చర్మముతోబాటు దాని క్రింది దట్టమైన పొరను గూడ చేర్చినచో పొడవైన ఫ్లాప్ బ్రతుకునని 1981లో స్వీడన్ వైద్యుడు పాంటెన్ చూపెను. 1992లో ఫ్రాన్సుకు చెందిన మాస్కెలే, పిక్కలోని సూరల్ నాడి వెంట నడుచు రక్తనాళముల ఆధారముతో చర్మమును క్రిందికి త్రిప్పు విధానమును వివరించెను.

దగ్గర కండరము లేనిచో వీపునుండియో తొడనుండియో కండను పూర్తిగా వేరుచేసి తెత్తురు. సుమారు 1 నుండి 3 మిల్లీమీటర్ల వెడల్పుగల నాళములను సూక్ష్మదర్శిని క్రింద, వెంట్రుకకంటె సన్నని దారముతో కాలి నాళములకు కుట్టుదురు. 1973లో డేనియల్, టేలర్ అను వైద్యులు గజ్జలోని చర్మము నీ రీతిగా కాలికి మార్చిరి.

ఫ్లాప్ కప్పుటకు ముందు చచ్చిన కండను, మట్టిని తొలగించి ఎముకను స్థిరపరుపవలెను. తరువాత గంటగంటకు దాని రంగును, వెచ్చదనమును గమనింతురు. పాలిపోయినచో ధమని మూసుకొన్నదనియు, నీలివర్ణమైనచో సిర మూసుకొన్నదనియు అనుమానింతురు. వెంటనే తిరిగి శస్త్రచికిత్స చేసినచో ఫ్లాప్‌ను కాపాడు అవకాశ మున్నది. పొగత్రాగుట రక్తనాళములను ముడుచుకొనజేయును గనుక, రోగి దానిని విడువవలెను.

ఈ చికిత్సలో కాలము మిక్కిలి విలువైనది. మార్కో గొడీనా 532 మంది రోగులను పరిశీలించిన ఫలితములు 1986లో వెలువడినవి. గాయమైన 72 గంటలలోపల కప్పినవారిలో చీము పట్టినది నూటికి 1.5 మందికి మాత్రమే. 72 గంటలు దాటి మూడు నెలలలోపు కప్పినవారిలో నూటికి 17.5 మందికి.

కావున ఎముక కనబడు గాయముపై ఆకుపసరు, కాఫీపొడి, పేడ, మన్ను వేయరాదు. శుభ్రమైన గుడ్డతో కప్పి, రక్తము కారుచున్నచో అదిమిపట్టి, కాలు కదలకుండ కట్టెబద్ద కట్టి, 108 వాహనమును పిలిచి, ఎముకల వైద్యుడును ప్లాస్టిక్ సర్జనుడును ఉన్న ఆసుపత్రికి చేర్చవలెను. ధనుర్వాతపు టీకా మరువరాదు. శస్త్రవైద్యుని నేర్పు ఎంతటిదైనను, ఆ కాలి భవిష్యత్తులో సగము గాయమైనచోట నిలిచినవారి చేతిలోనే యున్నది.