గోడ మీద తేదీ రాయండి

2024 డిసెంబర్ 4. పొద్దున ఏడున్నర కావస్తోంది. అమీర్‌పేటలో మా వంటింటి గిన్నెలు గలగలమన్నాయి. పక్కింటి అక్క పిల్లల్ని తీసుకుని బయటికి ఉరికింది. భూకంపం! ములుగు జిల్లాలో భూమి కదిలితే మనదాకా తెలిసింది.

మన బస్తీలో ఎవరికీ ఏమీ కాలేదు. మహారాష్ట్రలో, లాతూరు జిల్లా కిల్లారి ఊళ్లో అలా కాదు. 1993 సెప్టెంబర్ 30, తెల్లవారుజాము. అందరూ నిద్రలో ఉన్నారు. రాళ్లు, మట్టితో కట్టిన మందపాటి గోడలు మీద పడ్డాయి. ఆ చుట్టుపక్కల దాదాపు 10 వేల మంది చనిపోయారు.

ఏ ఇల్లు ఎంత పాడైందో రాసుకుని సర్కారు సాయం ఇచ్చింది. ఊళ్లలో ఆడవాళ్లనే సంవాద సహాయకులుగా పెట్టారు. సంవాదం అంటే మాట్లాడుకోవడం. సాయం ఎలా వస్తుందో వాళ్లు ఇంటింటికీ చెప్పారు. కొత్త గోడ గట్టిగా కడుతున్నారా లేదా అని దగ్గరుండి చూశారు.

మరి మన గోడ బీటవారితే? బీట ఆగిన చోట పెన్సిలుతో గీత గీయండి. పక్కన తేదీ రాయండి. వారం తర్వాత చూడండి. బీట గీత దాటిందా? అది పెరుగుతోందన్నమాట. ఇంజనీరుకు చూపించాలి. గోడ వంగితే మాత్రం వారం ఆగకండి, వెంటనే బయటికి రండి. బీట మీద సున్నం కొడితే అది కనబడదు, అంతే. పోదు.

అద్దె ఇల్లయితే ఇంటివాళ్లకు చూపించండి. కాగితం మీదా రాసి పెట్టుకోండి: ఏ గది, ఏ గోడ, బీట ఎన్ని జానలు.